అంచు దగ్గర నీళ్ళు: రేసు బోటు కట్టిన డైరీ

2024 జూన్ 9, ఆదివారం

తిరుపతి రేణిగుంట రోడ్డులో మాది వైండింగ్ షాపు. కాలిపోయిన బోరు మోటార్లు వస్తాయి. పాత రాగి పీకేసి కొత్త తీగ చుట్టి ఇస్తాం. పంతొమ్మిదేళ్ళుగా చేతికి ఇదే పని. నీళ్ళ లోపల తిరిగే మోటారు గురించి అడిగితే రాత్రంతా చెప్పగలను. నీళ్ళ మీద పరిగెత్తే దాన్ని చేతిలోకి తీసుకోవడం మాత్రం ఇదే మొదలు.

బెంగళూరులో ఉండే బావమరిది నాలుగేళ్ళ కిందట ఒక చెక్క కిట్టు తెప్పించుకున్నాడు. రేడియో కంట్రోల్ రేసు బోటు. పెట్టె తెరవకుండానే రెండిళ్ళు మారినాడు. పోయిన వారం మా ఇంటికి తెచ్చి, “బావా, నా దగ్గరుంటే ఇది అటక దిగదు, నువ్వే కట్టు” అని పెట్టి పోయినాడు.

ఈ రోజు పాపా నేనూ పెట్టె విప్పి ముక్కలన్నీ వసారాలో పరిచినాము. అంతా బర్చి ప్లైవుడ్డే, లేజరుతో కోసింది. వెన్నుపట్టె ఒకటి, దానికి అడ్డంగా నిలబడే పలకలు ఆరు, వెనక గోడ ఒకటి, సన్నటి పొడుగు పట్టీలు, మీద కప్పడానికి అడుగు పలకలు, పక్క పలకలు, పై పలక. నిలబడేవి 3 మిల్లీమీటర్ల మందం, కప్పేవి ఒకటిన్నర. కట్టినాక పొడవు 74 సెంటీమీటర్లు, వెడల్పు 22. అడుగు ముందు నుంచి వెనక దాకా వి ఆకారంలో ఉంటుంది. మోటారు, కంట్రోలరు, బ్యాటరీ, రేడియో ఇందులో రావు, విడిగా కొనుక్కోవాల.

ఒక అడుగు పలక వంగిపోయి ఉంది. నాలుగేళ్ళు అటక మీద, వానాకాలం తేమా ఎండాకాలం సెగా తిన్నది కదా. లోపలికి గుంటపడిన వైపు మాత్రం తడిబట్టతో తుడిచి, చదునైన బండ మీద బరువు పెట్టినాను. తడిసిన వైపు ఉబ్బి సాగుతుంది, వంపు తీరుతుంది.

జూన్ 16

ఆ బండ సంగతి చెప్పాల. చిత్తూరు వైపు ఒక గ్రానైటు పాలిషు యూనిట్లో మోటారు కాలిపోతే పోయిన వేసవిలో నేనే చుట్టిచ్చినాను. ఈ నెల మొదట్లో అక్కడికి ఇంకో పని మీద పోయి, విరిగిన ముక్క ఏదైనా ఉంటే ఇవ్వమని అడిగినాను. మూడున్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు నల్ల ముక్క ఆటోలో వేయించినారు. దాని మీద ఉక్కు స్కేలు నిలబెట్టి వెనక నుంచి టార్చి వేస్తే ఎక్కడా వెలుగు గీత కనబడలేదు.

ఈ బోటును బోర్లా కడతారు. అడ్డపలకలకు కాళ్ళ మాదిరి ముక్కలు వదిలి కోసినారు. అవి చదునైన దాని మీద నిలబడితేనే అడుగు వంకర లేకుండా వస్తుంది. కట్టే బల్లలో మెలిక ఉంటే బోటులోనూ అదే మెలిక వచ్చి కూర్చుంటుంది, ఆ తర్వాత ఎంత రుద్దినా పోదు. గ్రానైటులోకి గుండుసూది దిగదు కాబట్టి కాళ్ళను రెండు వైపులా అంటుకునే టేపుతో పట్టించి, పక్కన పాత మోటార్ల స్టాంపింగుల, అంటే ఇనుప రేకుల, బరువు పెట్టినాను.

జూన్ 30

లేజరు కోసిన అంచులు నల్లగా మాడి ఉంటాయి. ఆ మసి మీద బంక వేస్తే బంక మసిని పట్టుకుంటుంది, చెక్కను పట్టుకోదు. అతుకు పడే ప్రతి అంచునూ సాండ్ పేపరుతో తెల్లటి చెక్క కనబడేదాకా, అంతకు మించకుండా రుద్దినాము. ఎక్కువ రుద్దితే గాడి వదులైపోతుంది. పాప చేతికి నాకంటే ఓపిక ఎక్కువ. రెండు ఆదివారాలు దీనికే సరిపోయినాయి.

జూలై 14

చంద్రగిరి నుంచి మామ వచ్చినాడు. మా అమ్మకు తమ్ముడు, వడ్రంగి. నలభై అయిదేళ్ళుగా ద్వారబంధాలు, తలుపులు చేస్తున్నాడు. ఆయన చేసిన తలుపు వానాకాలంలో కూడా ఒక్క వేలితో తోస్తే మూసుకుంటుంది. ఒకటిన్నర మిల్లీమీటర్ల పలకను వెలుతురుకు పట్టి చూసినాడు.

“ఏంది రా అబ్బోడా, ఇది కట్టెనా, కాగితమా?”

“దీంట్లోనే మూడు పొరలుండాయి మామా.”

“ఉండేది కనబడతా ఉంది. పై పొర నార ఎటు పోతా ఉందో చూసుకోని వంచాల. అడ్డం వంచితే పుటుక్కుమంటాది.”

ఎదురింటాయన తొంగి చూసి, ఎర్రచందనమా అని అడిగినాడు. శేషాచలం కింద ఉండే ఊరు కదా, కొంచెం ఎర్రగా కనబడే చెక్కనల్లా మావాళ్ళు అదే అడుగుతారు. “ఎర్రచందనం చేవ నీళ్ళల్లో వేస్తే మునిగిపోతాది సామీ, దాంతో పడవేం చేస్తారు” అని మామ నెమ్మదిగా చెప్పినాడు.

వెన్నుపట్టె, అడ్డపలకలు ఎపాక్సీతో, అంటే రెండు పాళ్ళు కలిపితే గట్టిపడే బంకతో, అతికినాము. మామ మూలమట్టంతో ఒక్కో పలకనూ రెండు వైపులా చూసి, ఊఁ అన్నాకే నేను వేలు తీసినాను.

ఆగస్టు 4

పలకలు కప్పడం. బోటులో కష్టమంతా ముందరి 20 సెంటీమీటర్లలోనే ఉంది. వెనక పలక బల్లపరుపుగా పోతుంది కానీ, ముక్కు దగ్గరికి వచ్చేసరికి వంగుతూనే మెలిక కూడా తిరగాల. వేడినీళ్ళలో ముంచిన గుడ్డ పది నిమిషాలు కప్పి, పలక మెత్తబడినాక చేత్తో వంచి, మోటారు తీగలు కట్టే కాటన్ టేపుతో చుట్టి రాత్రంతా వదిలేసినాము. తడి చెక్కకు ఎపాక్సీ పట్టదు. పొద్దున్నే విప్పితే ఆ వంపు అట్లాగే నిలిచింది. ఎండబెట్టి, అప్పుడు అతికినాము. బట్టల క్లిప్పులు నలభై రెండు పట్టినాయి. దండెం మీద బట్టలకు ఒక్కటీ మిగల్లేదు.

ఎపాక్సీ పని తెల్లారి ఆరుకే పెట్టుకుంటున్నాను. మధ్యాహ్నం ఎండలో ఒక కప్పు కలిపితే అయిదు నిమిషాల్లో కప్పే కాలిపోయేంత వేడెక్కి పొగ వచ్చింది. అది గట్టిపడేటప్పుడు తనంతట తానే వేడి పుట్టిస్తుంది. ఆ వేడి ఒకచోట కుప్పగా ఉంటే ఇంకా తొందరగా గట్టిపడుతుంది. ఇప్పుడు కలిపిన వెంటనే వెడల్పాటి స్టీలు పళ్ళెంలో పల్చగా పరుస్తున్నాను. పని చేసుకునే టైము రెట్టింపు దొరుకుతోంది.

ఆగస్టు 18

ఈ వారం నా పని. మోటారు బోటు మధ్యలో ఉంటుంది, ప్రొపెల్లరు వెనక గోడ దాటి బయట ఉంటుంది. రెంటినీ కలిపేది స్పీడోమీటరు కేబులు మాదిరి పేనిన ఉక్కు తీగ. అది ఇత్తడి గొట్టంలో తిరుగుతుంది. ఆ గొట్టం మోటారు ఎత్తు నుంచి అడుగు దాకా మెత్తటి వంపుతో దిగాల. గొట్టాన్ని మంటలో ఎర్రబడేదాకా కాల్చి చల్లార్చితే ఇత్తడి మెత్తబడుతుంది. లోపల సన్న ఇసుక దట్టంగా కూరి, రెండు చివర్లూ మూసి, రంగు డబ్బా చుట్టూ మెల్లగా వంచినాను. ఇసుక లేకుండా వంచితే మధ్యలో నొక్కుకుపోతుంది. ఇసుకంతా కడిగేసి లోపల టెఫ్లాన్ గొట్టం దూర్చినాను.

ఆగస్టు 25

లోపలంతా పల్చగా ఎపాక్సీ పూసినాము. రాత్రి వాన. పొద్దున వేలు పెడితే పైన జిడ్డు మాదిరి ఒక పొర. గాల్లో తేమ ఎక్కువైతే గట్టిపడే ఎపాక్సీ మీద అట్లా కడుతుంది. దాని మీద రెండో పూత వేస్తే పెచ్చులు లేస్తుంది. సాండ్ పేపరుతో రుద్దినా ఆ జిడ్డు లోపలికే తొక్కుకుపోతుంది. ముందు మామూలు నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, తర్వాతనే రుద్దాల. కొత్తగా కట్టేవాళ్ళు ఈ ఒక్కటి గుర్తు పెట్టుకుంటే ఒక నెల మిగులుతుంది.

ముక్కులో థర్మోకోలు నింపే లెక్క పాప చేసింది. మోటారు, బ్యాటరీ, ఇనుప సామానూ కలిపి 1.35 కిలోలు. బోల్తాపడి నీళ్ళు నిండినా ఇవి మునగకూడదంటే ఒక లీటరున్నర దాకా నీటిని తోసే తేలిక సరుకు లోపల ఉండాల. చెక్క తన బరువును తానే మోసుకుంటుంది. లీటరు కొలతపాత్రతో కొలిచి ఒకటిన్నర నింపినాము. పాలిస్టర్ రెజిన్ అయితే థర్మోకోలును కరిగించేస్తుంది, ఎపాక్సీతో ఆ భయం లేదు.

సెప్టెంబరు 8

నిన్న వినాయక చవితి. మామ మా ఇంట్లోనే ఉన్నాడు. ఈ రోజు బోరు మోటారు అర్జెంటు పని పడి నేను పాకాల దాకా పోయి, చీకటి పడినాక వచ్చినాను. వచ్చేసరికి బోటు అడుగంతా అద్దం మాదిరి నున్నగా ఉంది. మామ చిత్రిక పట్టి, సాండ్ పేపరు వేసి, అడుగు పలక వెనక గోడను కలిసే అంచు, పక్క పలకను కలిసే అంచు అన్నీ చేత్తో నిమిరితే జారిపోయేటట్టు గుండ్రంగా తిప్పినాడు. చూసిన వాళ్ళంతా చెయ్యి వేసి తడుముతున్నారు. నేనూ తడిమినాను. ఎంత బాగుందో! ఫోటోలు తీసి బావమరిదికి పంపినాను.

సెప్టెంబరు 22

అడుగుకు సన్నటి గ్లాసు ఫైబరు గుడ్డ పరిచి ఎపాక్సీ పట్టించి, వాటర్ పేపరుతో రుద్ది, పసుపు రంగు కొట్టినాము. నీళ్ళ మీద దూరానికి కనబడేది పసుపే. తెలుపు అయితే నురగలో కలిసిపోతుంది. వట్టి బోటు బరువు వంటింటి కాటా మీద 780 గ్రాములు.

సెప్టెంబరు 29

మోటారు ఎక్కిన రోజు. మా షాపులోకి వచ్చే 5 హార్స్ పవర్ బోరు మోటారును ఇద్దరం పట్టుకుని దించుతాం. 415 వోల్టులు, నిమిషానికి 2,880 చుట్లు. ఈ బోటు మోటారు 340 గ్రాములు. గుప్పిట్లో పడుతుంది. దీని లెక్క వోల్టుకు 2,000 చుట్లు. నాలుగు సెల్లుల బ్యాటరీ 14.8 వోల్టులు ఇస్తే, లోడు లేకుండా 29,600 చుట్లు. పూర్తిగా లాగినప్పుడు వంద ఆంపియర్లు తీసుకుందనుకుంటే 1,480 వాట్లు, దాదాపు రెండు హార్స్ పవర్.

అయినా లోపల అది మా మూడు ఫేజుల మోటారుకు చుట్టమే. మూడు తీగలు, ఒకదాని తర్వాత ఒకటి తిరిగే అయస్కాంత బలం. అక్కడ కరెంటోళ్ళ లైను ఇచ్చే మూడు ఫేజులను, ఇక్కడ కంట్రోలరు బ్యాటరీలోంచి తయారుచేస్తుంది. రెండు తీగలు తారుమారు చేస్తే వెనక్కి తిరగడం కూడా అంతే. నికోలా టెస్లా తిరిగే అయస్కాంత బలంతో నడిచే మోటారుకు 1888లో పేటెంట్లు తీసుకున్నాడు. పదేళ్ళ తర్వాత, 1898లో, న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నీళ్ళ తొట్టిలో ఒక చిన్న బోటును రేడియోతో నడిపి జనానికి చూపించినాడు. నేను పంతొమ్మిదేళ్ళుగా అన్నం తింటున్న మోటారూ, ఇప్పుడు నా చేతిలో ఉన్న ఈ బోటూ, రెంటి మొదట్లోనూ ఆ ఒక్క మనిషి చెయ్యి ఉందని పాపకు చెప్తుంటే నాకు గొంతు పట్టుకుంది.

ఒక తప్పు జరిగింది. మోటారు ఎటు తిరుగుతుందో చూడకుండానే కేబులు తగిలించి స్విచ్చి వేసినాను. అది ఎదురు దిక్కుకు తిరిగింది. పేనిన కేబులు ఒక దిక్కుకు తిప్పితే బిగుసుకుంటుంది, ఇంకో దిక్కుకు పేట విప్పుకుంటుంది. మూడు సెకన్లలో గొట్టం లోపల ఉబ్బి పట్టేసింది. కొత్త కేబులు తెప్పించుకోవాల. ఇంకొకటి కూడా తెలిసింది: సరైన దిక్కులో లోడు పడి బిగుసుకునేటప్పుడు కేబులు పొట్టిదవుతుంది. అందుకని వెనక ప్రొపెల్లరు ఇరుసును మోసే బ్రాకెట్టుకూ ప్రొపెల్లరును పట్టే మరకూ మధ్య 3 మిల్లీమీటర్లు వదలాల. లేకపోతే ఆ రెండూ ఒరుసుకుని అరిగిపోతాయి.

వైర్ల విషయంలో నేను అలవాటుగా చేసే పని ఇక్కడ పనికిరాదు. బ్యాటరీ దూరమైతే దాని తీగ పొడిగించకూడదు. పొడుగు తీగలో ఎగిసే వోల్టేజి పోట్లకు కంట్రోలరులోని కెపాసిటర్లు పేలిపోతాయి. పొడిగించాల్సి వస్తే మోటారు వైపు మూడు తీగలు పొడిగించాల.

రిసీవరు ఏరియలు నీటిమట్టానికి పైన నిలబడాల, 2.4 గిగాహెర్ట్జ్ తరంగం నీళ్ళలో పోదు. ఆ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు 3.1. ఏరియలు చివర తొడుగు లేని తీగ సరిగ్గా అంతే ఉంది. దాన్ని ఒక స్ట్రాలో నిలబెట్టినాను. రిమోటు ఆపేస్తే మోటారు ఆగిపోయేటట్టు ఫెయిల్‌సేఫ్ పెట్టి, స్టాండు మీదనే మూడుసార్లు ఆపి చూసినాను. ఈ పరీక్ష చేయకుండా ఎవరూ నీళ్ళలో దించకండి. ఆ ప్రొపెల్లరు అంచు బ్లేడు మాదిరి ఉంటుంది.

అక్టోబరు 13

షాపు వెనక బోరు మోటార్లు పరీక్షించే సిమెంటు తొట్టి ఉంది. అందులోనే తేల్చినాము. మొత్తం బరువు 2.13 కిలోలు. బరువు కేంద్రం వెనక గోడ నుంచి పొడవులో 30 శాతం దగ్గర, అంటే 22 సెంటీమీటర్ల దగ్గర ఉండేటట్టు బ్యాటరీని జరిపినాము. పది నిమిషాల తర్వాత మూత తీస్తే చుక్కాని బోల్టుల దగ్గర తడి. బోరు మోటారు గ్లాండుకు పెట్టే సిలికాన్ అక్కడ పూసినాను. రెండోసారి అరగంట ఉంచినా పొడిగానే ఉంది.

చల్లబరిచే నీళ్ళు చుక్కాని కింది రంధ్రంలో దూరి, కంట్రోలరు చుట్టి, ఆ తర్వాత మోటారు చుట్టి, పక్కనుంచి దబ్బనం లావు ధారగా బయటికి వస్తాయి. గట్టు మీదున్న మనం చూడగలిగేది ఆ ధార ఒక్కటే. అది ఆగిందంటే బోటు ఆపేయాల. తొట్టిలో నోటితో ఊది దారి చూసినాను.

నవంబరు 10

బోటు సిద్ధంగా ఉంది, నీళ్ళే లేవు. పెనుమూరు వైపు మా అత్తగారి ఊరి చెరువులో నడపాలని మొదటి నుంచీ అనుకున్నది. మోకాలి లోతు బురద, మిగిలిందంతా తుమ్మచెట్లు. మా వైపు చెరువులకు ఈశాన్య ఋతుపవనమే దిక్కు. ఆ వాన ఎక్కువైనా కష్టమే. 2021 నవంబరులో రాయలచెరువు కట్టకు లీకు పడితే కింది ఊళ్ళన్నీ ఖాళీ చేయించినారు. ఆ వారం మా షాపులోకి బురద పట్టిన మోటార్లు ఎన్ని వచ్చినాయో లెక్క లేదు.

డిసెంబరు 8

నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. మాకు ఇక్కడ రెండు రోజులు ముసురు. ఊరి నుంచి ఫోను: చెరువు సగానికి వచ్చింది.

డిసెంబరు 15

చెరువులో చేపల పాట పాడుకున్న పెద్దాయనను ముందే అడిగి, వలలు ఎక్కడెక్కడ వేసినారో చూపించుకున్నాము. తూటికాడ లేని పక్క, నిమజ్జనం చేసే రేవుకు దూరంగా చోటు ఎంచుకున్నాము. ఆ రేవు అడుగున విగ్రహాల ఊచలు, బట్టలు ఉంటాయి. నీళ్ళలో ఎవరూ లేరని చూసుకున్నాకే మూత చుట్టూ టేపు అంటించి బోటు దించినాను. ఆగిపోతే తెచ్చుకోవడానికి గాలానికి టెన్నిస్ బంతి కట్టి పెట్టుకున్నాము. పెద్దాయన తన పుట్టి కూడా సిద్ధంగా ఉంచినాడు.

మెల్లగా పోయేటప్పుడు బాగుంది. సగం పవరుకు తెచ్చేసరికి ముక్కు పైకి లేచింది, పడింది, లేచింది, పడింది. గంగిరెద్దు తల ఊపినట్టు ఊపుతూనే పోయింది. ఇంకా పవరిస్తే ఊపు పెరిగి పక్కకు పొర్లబోయింది. లోపల పెట్టిన చిన్న జీపీఎస్‌లో గంటకు 41 కిలోమీటర్లు. పాప ఏమీ అనలేదు. ఊరి పిల్లకాయలు చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

బ్యాటరీ రెండు సెంటీమీటర్లు ముందుకు జరిపితే ఊపు తగ్గింది కానీ ముక్కు నీళ్ళలోకి దిగి మలుపులో తిరగబడబోయింది. వెనక బ్రాకెట్టు కోణం మార్చితే కొంచెం తేడా, అంతే. మూడు బ్యాటరీలు అయిపోయినాయి. బండెక్కి ఇల్లు చేరేదాకా మాట్లాడబుద్ధి కాలేదు.

డిసెంబరు 18

రాత్రి అన్నాల దగ్గర మా ఇంటామె పాపతో, “ఆ గిన్నె వద్దు, అంచు చుట్ట తిప్పింది, మజ్జిగంతా గిన్నెకే కారుతుంది, లోటా తీసుకో” అంది. పాప గిన్నెతోనే పోసింది. మజ్జిగ గ్లాసులో పడకుండా అంచు చుట్టూ తిరిగి గిన్నె పొట్ట మీదుగా కింద కారింది. లోటా అంచు పదునుగా ఉంటుంది, అందులోంచి ధార తెగినట్టు పడింది.

చెయ్యి కడుక్కుని షాపుకు పోయి బోటు బోర్లా తిప్పినాను. వెనక గోడ దగ్గర అంచు అంతా గుండ్రం. వేగంగా పోయే నీళ్ళు అడుగు వదిలి తెగి వెనక్కి పోవాల్సింది పోయి, ఆ గుండ్రాన్ని పట్టుకుని పైకి తిరుగుతున్నాయి. తిరిగేటప్పుడు వెనక భాగాన్ని కిందికి లాగుతాయి. వెనక దిగితే ముక్కు లేస్తుంది. ముక్కు ఎత్తుకు పోయి బరువుకు పడుతుంది. మళ్ళీ అదే. ఉక్కు స్కేలు అడుగు మీద పొడుగ్గా పెడితే ఆఖరి ఏడు సెంటీమీటర్లలో పలకే వంపు తిరిగి ఉంది. సందులు కొలిచే ఫీలర్ గేజి 0.9 మిల్లీమీటర్ల ఆకు దాకా దూరింది. పక్క అంచులు కూడా అంతే. నీళ్ళు అక్కడ చిమ్మి విడిపోకుండా పక్క పలక మీదికి పాకుతున్నాయి.

ఆ సెప్టెంబరు సాయంత్రం తడిమి మురిసిపోయిన చోటే ఇది. కిట్టు కాగితంలో ఈ అంచులు పదునుగా ఉంచాలని బొమ్మ వేసి ఉంది. అది నేను చూసినాను. మామకు చెప్పలేదు.

డిసెంబరు 22, 23

మామకు చెప్పడానికి చంద్రగిరి పోయినాను. ఫోనులో చెప్పే మాట కాదు. బోటును ఆయన ముందర బోర్లా పెట్టి, స్కేలు పెట్టి చూపించినాను. చాలాసేపు చూసినాడు.

“నేను రుద్దింది తప్పంటావు.”

“నేను చెప్పకపోయింది తప్పు మామా. నువ్వు రుద్దింది తలుపుకైతే ఒప్పే.”

“తలుపుకు అంచు అట్లాగే వదిలితే పిల్లకాయల చేతులు కోస్తాది. అందుకని చెయ్యి ఆడికి పోతానే రుద్దేస్తాది. ఆలోచించను కూడా ఆలోచించను.” కాసేపు ఆగి, “ఈడ చెయ్యి తగల్దు కదా. ఎంత పదును కావాల?” అన్నాడు.

“స్కేలు అంచంత.”

“సరే, పట్టు.”

ఆయనే చేసినాడు. అల్యూమినియం పట్టీకి ప్యాకింగు టేపు చుట్టి, వెనక గోడకు అంటించి, అడుగు కంటే రెండు మిల్లీమీటర్లు పైకి వచ్చేటట్టు బిగించినాము. ఎపాక్సీ ఆ టేపుకు అంటదు. ఎపాక్సీలో టాల్కం పౌడరు కలిపి పెరుగంత చిక్కగా చేసి, పల్లంగా పోయిన చోటంతా నింపినాము. పక్క అంచులకూ అట్లాగే. రెండో రోజు పట్టీ తీసేస్తే వెనక అంచు నిలువుగా, గట్టుగా నిలిచింది. అద్దం ముక్కకు సాండ్ పేపరు అంటించి, పొడుగ్గా, ఒకే దిక్కులో, స్కేలు కింద వెలుగు కనబడకుండా పోయేదాకా మామ రుద్దినాడు. చివరి అంచు దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ చెయ్యి ఎత్తేస్తున్నాడు. నలభై అయిదేళ్ళ అలవాటును ఆయన అట్లా ఆపుకుంటుంటే నేను పక్కన నిలబడి చూసినాను. అంతకంటే పెద్ద పనితనం నేను ఎక్కడా చూడలేదు.

పని అయినాక వేలు పెట్టి చూసి, “ఇప్పుడు ఇది చెయ్యి కోస్తాది” అన్నాడు. నా సంచిలో తీగలకు వేసే స్లీవు ఉంటే, పొడుగ్గా చీల్చి అంచుకు తొడిగినాడు. గట్టు మీద ఉన్నంతసేపూ అది ఉండాల, నీళ్ళలో దించేటప్పుడు తీసేయాల.

2025 జనవరి 5

రంగు మళ్ళీ కొట్టినాము. బరువు 26 గ్రాములు పెరిగింది. బ్యాటరీని మళ్ళీ 22 సెంటీమీటర్ల గుర్తుకే తెచ్చినాను.

జనవరి 19

సంక్రాంతికి నడపాలని పాప అడిగింది కానీ కనుమకు ఆవులను కడిగేది ఆ చెరువులోనే, వద్దన్నాను. ఈ రోజు పోయినాము, మామ కూడా వచ్చినాడు. గాలి లేదు. నీళ్ళు పూర్తిగా నిలిచి ఉంటే కూడా బోటు అడుగు నీళ్ళను వదలడం కష్టమంటారు, కానీ అప్పుడప్పుడూ చిన్న అల పుడుతూ ఉంది.

రిమోటు పాపకు ఇచ్చినాను. పాతిక మీటర్లు మెల్లగా పోయి, పవరిచ్చింది. ముక్కు ఒకసారి లేచి, దిగి, అక్కడే నిలిచింది. ఆ తర్వాత కదల్లేదు. వెనక ఒక చేరెడు చోటు మాత్రమే నీళ్ళను తాకుతోంది, మిగతా బోటంతా గాల్లో ఉంది. ప్రొపెల్లరు సగం బయట, సగం లోపల తిరుగుతూ వెనక పొడుగాటి తోక చిమ్ముతోంది. వెనక గోడ దగ్గర నీళ్ళు గీత గీసినట్టు తెగిపోతున్నాయి. పక్కన ధార సన్నగా, ఆగకుండా వస్తోంది. పోటీల్లో బోట్లు గడియారం ముళ్ళు తిరిగే దిక్కునే తిరుగుతాయి, మలుపులన్నీ కుడికే. అదే అలవాటు కావాలని పాప చేత కుడి మలుపులే తిప్పించినాను. రెండో మలుపులో కొంచెం ఒరిగింది కానీ పొర్లలేదు.

“మామా, చూడు, చూడు!” అన్నాను. మామ చూస్తూనే ఉన్నాడు, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని.

5,000 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీలో అయిదింట ఒక వంతు మిగిల్చుకుంటాం కాబట్టి ఒక్కో పరుగు నాలుగు నిమిషాలే. టైమరు మోగగానే పాప గట్టుకు తెచ్చింది. జీపీఎస్‌లో 63. మోటారు మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది. రెండో బ్యాటరీకి మామ రిమోటు పట్టుకోనన్నాడు. మూడో దానికి పట్టుకున్నాడు. సగం పవరు దాటించలేదు, అయినా చెరువు ఆ చివరి దాకా పంపించి తెచ్చినాడు.

ఇంటికి రాగానే కేబులు బయటికి లాగి, తుడిచి, బోరు మోటారు గ్రీజు పట్టించినాను. బ్యాటరీలను సెల్లుకు 3.8 వోల్టులకు తెచ్చి విడిగా పెట్టినాను. వెనక అంచుకు స్లీవు అప్పటికే మామ తొడిగేసి ఉన్నాడు. మూత చుట్టూ టేపు ఊడదీసి, లోపల ముక్కు దాకా చెయ్యి దూర్చి తడిమినాను. పొడిగా ఉంది.